మామగారి మడమ మీద మచ్చ, బ్రిస్బేన్ ఎండ, మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మేం ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంటాం. పక్కింటావిడకి ముక్కు మీద చిన్న పొక్కులాంటిది తీసి పరీక్షకి పంపితే కేన్సర్ అన్నారు, ఎండ వల్లేనట. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఎండ తగిలితే ఒంట్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మారిపోయి చర్మ కేన్సర్ వస్తుందని, వాటికి రక్తపరీక్ష చేయిస్తే ముందే తెలిసిపోతుందని ఒక వీడియోలో చూశాను. ఇంటిల్లిపాదికీ ఆ పరీక్ష చేయించాలా? మా బాబుకి ఎనిమిదేళ్లు, స్కూల్లో టోపీ లేకపోతే గ్రౌండ్‌లోకి పంపరు. మా అత్తగారేమో మన ఒంటి రంగుకి ఇవన్నీ ఎందుకే అంటారు. మామగారు ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. 68 ఏళ్లు, జీవితమంతా పొగాకు చేలో ఎండలోనే పనిచేసిన మనిషి, షుగరూ బీపీ ఉన్నాయి. ఆయనకి ఎడమ మడమ మీద ఒక నల్లమచ్చ ఉంది, ఎప్పుడో తుమ్మముల్లు గుచ్చుకున్న చోటు అంటారు. కిందటేడు కంటే పెద్దదైందని అత్తగారి అనుమానం. అక్కడ ఎండ తగలదు కాబట్టి దానికేం భయం లేదనుకుంటున్నాను. ఆయన్ని ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలో చెప్పండి.
– ఒక కోడలు

జవాబు: అమ్మా, ఇంత ఉత్తరంలో మీరు చివర్లో, అదీ తేలిగ్గా రాసేసిన సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. ఆ మడమ. మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ ఎండా తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ వారంలోనే మామగారిని అక్కడి జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లి ఆ మచ్చ చూపించండి. ఇండియా వెళ్లాక చూపిద్దాం అని వాయిదా వేయకండి.

ఎండ తగలని చోటు కాబట్టి భయం లేదన్నారు కదా, మన ఒంటి రంగు ఉన్నవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. చర్మ కేన్సర్లలో బాగా ప్రమాదకరమైనది మెలనోమా, అది చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుడుతుంది. తెల్లవాళ్లకి వీపు మీద, కాళ్ల మీద, మొహం మీద, అంటే ఎండ పడే చోట్లే ఎక్కువగా వస్తుంది. మనవాళ్లకి, ఆఫ్రికా వాళ్లకి, జపాన్ వాళ్లకి మెలనోమా రావడమే చాలా తక్కువ, కానీ వచ్చిందంటే మాత్రం అది తరచుగా అరికాల్లోనో, అరచేతిలోనో, గోటి కిందో ఉంటుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది కాలి బొటనవేలి గోటి కింద. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అని మొదట్లో అనుకున్నారు, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. మీ మామగారి తుమ్మముల్లు కథ చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. దెబ్బ తగిలిన చోటు, ముల్లు గుచ్చుకున్న చోటు, చెప్పు ఒరుసుకున్న చోటు అని కాలి మచ్చకి ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరుకుతుంది, ఆ కారణం దొరికినందువల్లే ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు మెలనోమాల డీఎన్‌ఏ మొత్తం చదివి చూస్తే, ఎండ పడే చర్మం మీద వచ్చినవాటిలో ఎండ చేసిన గుర్తులు లెక్కలేనన్ని ఉన్నాయి, అరికాలు అరచేతుల్లో వచ్చినవాటిలో అవి పెద్దగా లేవు. వాటి పుట్టుకే వేరు.

అది మెలనోమాయే అని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా చెప్పే మొనగాడెవడూ లేడు. మామూలు పుట్టుమచ్చ అయ్యుండొచ్చు, బూటు ఒరిపిడికి చర్మం లోపల రక్తం గడ్డకట్టి నల్లగా కనబడుతుండొచ్చు, ఆనెకాయ కావచ్చు, నిజంగానే పాత ముల్లు ముక్క లోపల ఉండిపోయి ఉండొచ్చు. తేల్చడం పెద్ద పని కూడా కాదు. డాక్టర్ దగ్గర డెర్మోస్కోప్ అని లైటున్న చిన్న భూతద్దం ఉంటుంది. అరికాలి చర్మాన్ని దాంట్లోంచి చూస్తే సన్నటి గట్లూ వాటి మధ్య కాలవలూ వరసలుగా కనిపిస్తాయి. మామూలు పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా కాలవల్లో ఉంటుంది, మెలనోమాలో గట్ల మీద పరుచుకుంటుంది. జపాన్ డాక్టర్లు ఏళ్ల తరబడి అరికాళ్లు చూసి చూసి కనిపెట్టిన తేడా ఇది, ఈరోజు ప్రపంచమంతా దాన్నే వాడుతున్నారు. రక్తం గడ్డ అయితే బ్లేడుతో పైపైన గీకితే అక్కడికక్కడే ఊడి వచ్చేస్తుంది. ఆ గీకడం మాత్రం డాక్టరే చెయ్యాలి.

మామగారు ఇంట్లో దాన్ని ఏమీ చేయకుండా చూడండి. మనవాళ్లకి కాలి మీద ఏం లేచినా ముందు కార్న్ క్యాప్ అంటించడం, బ్లేడుతో చెక్కుకోవడం, సున్నం పెట్టడం అలవాటు. అవి చేస్తే మచ్చ రూపం చెడిపోయి, డాక్టర్‌కి కనిపించాల్సింది కనిపించకుండా పోతుంది. ఇవాళే పక్కన చిన్న స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచండి, అరికాలి మచ్చ 7 మిల్లీమీటర్లు దాటిందంటే మామూలుగా ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు. పెద్దదైందన్న మీ అత్తగారి అనుమానాన్ని కూడా డాక్టర్‌కి ఆవిడ మాటల్లోనే చెప్పండి, ఎందుకంటే ఆయన కాళ్లు ఇన్నేళ్లుగా చూస్తున్నది ఆవిడే. షుగరున్న మనిషికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కాబట్టి, నొప్పి లేదు గనక ఏం కాదులే అన్న మాటకి విలువ లేదు. (మెలనోమా మొదట్లో షుగరు లేనివాళ్లకి కూడా నొప్పి పెట్టదు.) పైగా మడమ మీద పుండు పడితే అది షుగరు పుండే అని అందరూ తీర్మానించేస్తారు. నెల దాటినా మానని పుండు ఎక్కడున్నా సరే, షుగరు ఉన్నా లేకపోయినా, ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే.

ముక్క అనగానే ఇంట్లో ఎవరో ఒకరు "కత్తి తగిలితే పాకిపోతుందట" అంటారు, కాచుకుని ఉండండి. పాకదు. మెలనోమాలో మనిషి భవిష్యత్తుని తేల్చేది అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగింది అన్నది. 1970లో బ్రెస్లో అనే డాక్టర్ చెప్పిన కొలత అది, ఇప్పటికీ రిపోర్టులో ముందు చూసేది దాన్నే. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా తీసేస్తే చాలావరకు అక్కడితో కథ అయిపోతుంది, నాలుగు మిల్లీమీటర్లు దిగాక కథే వేరు. ముక్క తియ్యడం వల్ల ఎవరికీ ముదరలేదు, తియ్యనివ్వకపోవడం వల్ల ముదిరినవాళ్లున్నారు. ఖర్చు సంగతి కూడా ఆలోచించే ఉంటారు. మామగారికి విజిటర్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితాలు ఒకసారి చదవండి, లేకపోయినా జీపీ ఒకసారి చూసినందుకు తీసుకునే ఫీజు మీరు ఇంటిల్లిపాదికీ చేయిద్దామనుకుంటున్న పరీక్షల ముందు ఏపాటిది?

ఇక ఆ వీడియో. అందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజంగానే బాగుంటుంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది, అందులో ప్రొటీన్లు ఎలా తయారుచెయ్యాలో రాసి ఉంటుంది, ఏదైనా ప్రొటీన్ కావాల్సి వచ్చినప్పుడు ఆ భాగం నకలు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటికి వస్తుంది, దాన్ని చూసి ప్రొటీన్ తయారవుతుంది. ఇంతవరకూ టెన్త్‌లో చదువుకున్నదే. పెళ్లింట్లో వంటవాళ్లు సామాను కోసం చీటీలు రాసి పంపిస్తుంటే స్టోర్ రూము తాళాలు పట్టుకున్న ఒక పెదనాన్న గారు ఉంటారు చూడండి, కొన్ని చీటీలు చించేస్తాడు, కొన్ని జేబులో పెట్టుకుని "తర్వాత చూద్దాంలే" అంటాడు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ చేసే పని అది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలు అక్షరాల్లాంటి చిన్న రసాయన ముక్కల వరస అనుకుంటే, దీని పొడవు సుమారు 22 అక్షరాలే. ప్రొటీన్‌ని అది తయారుచెయ్యదు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని దాన్ని తెగ్గొట్టించడమో, చదవనివ్వకుండా ఆపడమో చేస్తుంది. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పదులు, వందల చీటీల మీద చెయ్యి వేయగలదు. మన జీన్లలో సగానికి పైగా వీటి అదుపులో ఉన్నాయని అంచనా.

మొదటిది 1993లో బయటపడింది, అదీ మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఇద్దరూ వేరువేరు ల్యాబుల్లో దాని వెంట పడ్డారు. ఇదేదో పురుగుల వ్యవహారంలే అని ఏడేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2000లో దొరికిన రెండోది మనుషుల్లో కూడా ఉందని తేలాక అందరూ లేచి కూర్చున్నారు. 2002లో ఒక రకం రక్త కేన్సర్‌లో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాయమైపోతున్నాయని కనిపెట్టారు, కేన్సర్‌తో వీటికి ముడి పడింది అక్కడే. ఆంబ్రోస్‌కీ రవ్‌కున్‌కీ 2024లో నోబెల్ వచ్చింది, మీ ఫోన్లోకి ఇలాంటి వీడియోలు ఇంతగా వస్తుండడానికి అదీ ఒక కారణమేమో అని నా అనుమానం.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. ఎండలో మనకి కనిపించే వెలుగు, ఒంటికి తెలిసే వేడి కాక అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, యూవీ అంటాం. అందులో యూవీ-బి అనే భాగం నేరుగా డీఎన్‌ఏ మీద పడి పక్కపక్కన ఉన్న రెండు అక్షరాలని ఒకదానికొకటి అతికించేస్తుంది. మధ్యాహ్నం ఎండలో కాసేపు నిలబడితే ఒక్కో కణంలో ఇలాంటివి వేలల్లో జరుగుతాయి. కంగారు పడకండి, వాటిని కత్తిరించి తీసేసి కొత్త ముక్క వేసే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది, అదెలా పనిచేస్తుందో విప్పి చెప్పినందుకే అజీజ్ సంజర్‌కి 2015లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా ఇచ్చారు. ఎప్పుడైనా బాగు చెయ్యడంలో ఒకటి తప్పిపోతే అక్కడ సి అనే అక్షరం టి గా మారిపోతుంది, ఒక్కోసారి పక్కపక్కన రెండు సి లు ఒకేసారి రెండు టి లు అయిపోతాయి. ఆ రెండోది దాదాపుగా ఎండ చేసిన పనే, వేలిముద్ర కింద లెక్క. 1991లో చర్మ కేన్సర్ గడ్డల్లో పి53 అనే జీన్‌ని చదివి చూస్తే సగానికి పైగా వాటిలో అది పాడైపోయి ఉంది, దాని మీద అచ్చం ఈ ముద్రలే ఉన్నాయి. దెబ్బతిన్న కణాన్ని "ఆగు, బాగయ్యేదాకా రెండుగా చీలకు" అని ఆపేది ఆ పి53యే.

ఆ బాగుచేసే ఏర్పాటే పుట్టుకతో లేకపోతే ఏమవుతుందో ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను, ఇది మన తెలుగువాళ్లు వినాల్సిందే. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బున్న పిల్లలకి రెండేళ్లు నిండకుండానే మొహమంతా నల్లటి చుక్కలు వస్తాయి, ఎండలోకి వస్తే కళ్లు తెరవలేరు, ఎనిమిది తొమ్మిదేళ్లకే చర్మ కేన్సర్లు మొదలవుతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పాడైన జీన్ వస్తేనే ఈ జబ్బు వస్తుంది, అందుకే మేనరికాలు చేసుకునే చోట్ల ఎక్కువగా కనబడుతుంది. అలాంటి పిల్లల్ని చూసి "ఎండకి కమిలాడులే, దిష్టి తీయండి" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. పసిపిల్లాడికి ఎండ పడే చోటే చుక్కలు వస్తుంటే వెంటనే స్కిన్ డాక్టర్‌కి చూపించాలి. అల్బినిజం అంటే పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా ఉండే పిల్లలు కూడా అంతే, మనలో ఎండ వల్ల చర్మ కేన్సర్ నిజంగా ఎక్కువగా వచ్చేది వాళ్లకే.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఈ కథలోకి ఎక్కడొస్తాయంటే, ఎండ దెబ్బ తగిలిన వెంటనే. అప్పుడు కణం తక్షణం ఆగాలి. కొత్తగా ప్రొటీన్లు తయారయ్యేదాకా కూచోడానికి టైముండదు, ఉన్న చీటీలు చించేయడం సులువు. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించింది ఇదే: యూవీ తగిలాక మైక్రో ఆర్‌ఎన్‌ఏ-16 పెరిగి, కణాన్ని చీలమని తరిమే ఒక ప్రొటీన్‌ని తగ్గించేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పనిచేయడానికి కావలసిన యంత్రాంగాన్ని ల్యాబ్‌లో తగ్గించేసి అప్పుడు యూవీ కొడితే ఎక్కువ కణాలు చచ్చిపోయాయి. అంటే వీడియోలో చెప్పినట్టు ఎండకి ఇవి మారతాయన్నది నిజమే, కానీ ఆ మార్పులో చాలా భాగం మనల్ని కాపాడుకోవడానికి జరిగేది. మారింది కాబట్టి కేన్సర్ అనుకోవడం, దుమ్ముకి తుమ్మాడు కాబట్టి టీబీ అనడంతో సమానం.

గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, ఈ అదుపు పాడైపోయి మళ్లీ దారిలో పడనప్పుడు. పి53 బాగున్నంతకాలం మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ని పిలిచి కణాన్ని ఆపిస్తుంది, ఎండ పి53ని పాడుచేశాక ఆ పిలుపు సరిగ్గా రాదు. చర్మంలో కింది పొర కణాలు పైకొస్తూ ముదిరి రాలిపోవాలి, ఆ ముదరడానికి 203 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కావాలి, పొలుసుల కణాల కేన్సర్ (చర్మ కేన్సర్లలో ఇంకో రకం)లో అది పడిపోయి ఉంటుంది. 21 అనేది దానికి ఎదురు, చాలా కేన్సర్లలో లాగే ఇక్కడ కూడా విపరీతంగా పెరిగి, గడ్డ పెరక్కుండా ఆపే ప్రొటీన్ల చీటీలు చించేస్తుంది.

నాకు వీటన్నిట్లో ఆసక్తిగా అనిపించేది 211. మెలనోమా ముదిరేకొద్దీ మెలస్టాటిన్ అనే జీన్ పని తగ్గిపోతుందని డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు, కాబట్టి ఆ జీన్ తయారుచేసే ప్రొటీనే కేన్సర్‌ని ఆపుతోందనుకున్నారు. 2010లో తేలిందేంటంటే, ఆ జీన్ మధ్యలో, ప్రొటీన్‌కి పనికిరాదని కణం కత్తిరించి పారేసే భాగంలో, ఈ 211 కూచుని ఉంది, కేన్సర్ పాకకుండా ఆపుతున్నది నిజానికి అది. సరే, 211 మంచిది అని రాసుకునేలోపు 2016లో ఇంకో సంగతి బయటపడింది. మెలనోమా కణాలు చర్మం కింది పొరలోకి దిగడానికి ముందే చర్మానికి రంగునిచ్చే చిన్న గింజల్లో పెట్టి ఇదే 211ని అక్కడి కణాలకి పంపిస్తున్నాయి, అది అక్కడికెళ్లి కేన్సర్ రావడానికి చోటు చదును చేసి పెడుతోంది! తన కణంలో ఉంటే అడ్డం పడేది, పక్క కణంలోకి వెళ్తే సాయం చేస్తోంది. ఇలాంటిదాన్ని రక్తంలో కొలిచి, ఎక్కువుంది గనక జబ్బు, తక్కువుంది గనక లేదు అని చెప్పేయగలరా, మీరే ఆలోచించండి.

చెప్పడానికి ప్రయత్నం మాత్రం జరిగింది, అదీ మీ ఊళ్లోనే. బ్రిస్బేన్‌లో క్యూఐఎంఆర్ బెర్గోఫర్ అనే పరిశోధన సంస్థ ఉంది, అక్కడివాళ్లు ఒక్కదాన్ని కాక ఏడు మైక్రో ఆర్‌ఎన్‌ఏలని కలిపి రక్తంలో కొలిచే పద్ధతిని 2015లో ప్రచురించారు. మెలనోమా ఉన్న 100 మందిలో 93 మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 82 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది కదా, రెండో అంకె దగ్గర ఆగండి. ఏ జబ్బూ లేని 100 మందిలో 18 మంది దాకా ఉందని తేల్చే వీలుంది. మెలనోమా అన్నదే అరుదైన మనలాంటివాళ్లు వెయ్యి మంది వెళ్లి చేయించుకుంటే ఇంచుమించు 180 మంది ఏ జబ్బూ లేకుండానే ఇంటికొచ్చి నిద్రలు మానుకుంటారు, ఇక అక్కడ్నుంచి స్కానింగులు, ఇంకో పరీక్ష, ఇంకో డాక్టరు. ఆ పరిశోధనని తక్కువ చేయడం లేదు, జబ్బు బయటపడినవాళ్లకి తర్వాత అది తిరగబెడుతుందా అని గమనించడానికి ఇలాంటివి రేపు బాగా పనికిరావచ్చు. ఏమీ లేని ఇంటిల్లిపాదికీ చేయించే పరీక్ష మాత్రం ఇది కాదు, దీని ఆధారంగా చర్మ కేన్సర్ తేల్చే ఆనవాయితీ ఇప్పటికి ఏ దేశంలోనూ లేదు. ఎవరైనా డబ్బు కట్టించుకుని చేస్తామంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

మందు కూడా అంతే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34 తగ్గిపోతోంది కాబట్టి దాన్నే తయారుచేసి ఎక్కిస్తే సరిపోతుంది కదా అని మనుషుల మీద ప్రయోగం మొదలుపెట్టారు, రోగనిరోధక వ్యవస్థ తిరగబడి తీవ్రమైన ప్రమాదాలు జరగడంతో 2016లో ఆపేశారు. ఒకే చెయ్యి వందల చీటీల మీద ఉన్నప్పుడు అది ఇంకెన్ని చించుతుందో ముందే ఊహించడం కష్టం.

అత్తగారి మాటకొద్దాం. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది, కొట్టిపారేయకండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అన్నది ఉత్త రంగు కాదు, కణం లోపల డీఎన్‌ఏ మీద గొడుగులా కప్పుకుని యూవీని అది తీసుకుంటుంది. 1979లో కొలిచి చూస్తే తెల్లవాళ్ల పైచర్మం యూవీ-బి లో 24 శాతాన్ని లోపలికి వదిలింది, నల్లజాతివాళ్ల చర్మం 7 శాతం చిల్లరే వదిలింది. మన చామనచాయలు ఈ రెంటి మధ్యలో ఎక్కడెక్కడో ఉంటాయి. మీ మామగారు ఇన్నేళ్లు ప్రకాశం జిల్లా ఎండలో పనిచేసి కూడా మొహం మీద కేన్సర్ లేకుండా ఉన్నారంటే వింతేమీ లేదు. ఆ రంగుని క్రీములు పూసి పోగొట్టుకోవాలని మనవాళ్లు పడే తాపత్రయం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది ఇంకో ఉత్తరానికి దాచుకుంటాను. మనలో వచ్చే పొలుసుల కణాల కేన్సర్లు కూడా కొన్ని ఎండతో సంబంధం లేనివే: ఏళ్ల కిందట కాలిన మచ్చ మీద, మానని పుండు మీద, కాశ్మీర్‌లో అయితే చలికి కాంగ్‌డీ కుంపటి ఒళ్లో పెట్టుకునేవాళ్లకి పొట్ట మీద, తొడల మీద.

అయినా బాబు టోపీ తీయించకండి. ఒంగోలు ఎండకీ బ్రిస్బేన్ ఎండకీ తేడా ఉంది, అది మన ఒంటికి తెలియదు. మనకి ఎండ అంటే వేడి. మే నెల రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండంటే ఎవరైనా నీడకి పోతారు. యూవీకి వేడితో పనిలేదు. బ్రిస్బేన్‌లో చల్లటి గాలి వేస్తూ హాయిగా ఉన్న రోజున కూడా యూవీ ఇండెక్స్ (యూవీ ఎంత ఉందో చెప్పే కొలత) జాగ్రత్త పడాల్సిన హద్దు మూడుని దాటుతుంది, అక్కడ చలికాలంలో కూడా మధ్యాహ్నం అంతే, వేసవిలో 11 పైకి పోతుంది. వేడి లేదు కాబట్టి పిల్లలు గంటల తరబడి బయటే ఉంటారు. అదీ కాక ఆ దేశపు వేసవి జనవరిలో వస్తుంది, భూమి సూర్యుడికి ఎక్కువ దగ్గరగా ఉండేది కూడా అప్పుడే. ఇంగ్లండ్ నుంచి వెళ్లినవాళ్లలో చిన్నప్పుడే వెళ్లిన పిల్లలకి, పెద్దయ్యాక వెళ్లినవాళ్లకంటే మెలనోమా ఎక్కువగా వచ్చిందని పాత లెక్కలున్నాయి. మీ బాబుకి ఆ స్థాయి ప్రమాదం లేదు, కానీ వాడు అక్కడే పెరగబోతున్నాడు, పైగా కంటికి మెలనిన్ గొడుగు అంతగా సాయం చేయదు, యూవీ వల్ల కంట్లో శుక్లాలు రావడం, కండ పెరగడం రంగుతో పనిలేకుండా అందరికీ జరుగుతాయి. టోపీ మంచిదే.

సన్‌స్క్రీన్ గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. దాని మీద ప్రపంచంలో అందరూ చెప్పుకునే పరీక్ష మీకు దగ్గర్లోనే, నాంబూర్ అనే ఊళ్లో జరిగింది. 1992 నుంచి 1996 దాకా 1,621 మందిని తీసుకుని కొందరిని రోజూ రాసుకోమన్నారు, మిగతావాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్నవాళ్లలో పొలుసుల కణాల కేన్సర్లు దాదాపు 40 శాతం తగ్గాయి, తర్వాత పదేళ్లు గమనిస్తే మెలనోమాలు రోజూ రాసుకున్నవాళ్లలో 11, మిగతావాళ్లలో 22. కానీ వాళ్లంతా దాదాపు తెల్లవాళ్లే, ఆ లాభం అంకెకి అంకె మనకి వర్తించదు. ఆస్ట్రేలియాలోనే ఈమధ్య ఇచ్చిన సలహాల్లో చర్మం రంగుని బట్టి మూడు రకాలుగా విడగొట్టారు, ముదురు రంగు వాళ్లు మామూలు రోజుల్లో కాసేపు బయటికెళ్లడానికి సన్‌స్క్రీన్ పూసుకోనక్కర్లేదు, ఎక్కువసేపు ఉంటేనే జాగ్రత్త పడాలి, విటమిన్-డి కోసం వాళ్లకి ఇంకాస్త ఎండ అవసరం కూడా అన్నారు. బాబు బీచ్‌కి వెళ్తే, క్రికెట్ ఆడితే రాయండి, చేతులున్న ఈత చొక్కా వేయండి. మీరు పొద్దున్న బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్లడానికి మాత్రం పూసుకోనక్కర్లేదు.

ఎండతో చర్మం నల్లబడితే అదే కవచం కదా అని ఎవరైనా అంటే ఒక సంగతి చెప్పండి, ఇందులోనూ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉంది. 2018లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల మీద, మనిషి చర్మం ముక్కల మీద చూస్తే, రోజూ యూవీ తగిలినదానికంటే రోజు విడిచి రోజు తగిలినప్పుడు చర్మం ఎక్కువ రంగు తేలింది, డ్యామేజీ తక్కువైంది. రంగు తయారీని నడిపే ప్రొటీన్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని తగ్గించేవాటిలో 148ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకటి, రోజూ ఎండ తగిలితే ఆ వరస చెడిపోతోంది. అందుకని రోజు విడిచి రోజు ఎండలో పడుకోమని కాదు! నల్లబడడం అంటేనే డీఎన్‌ఏకి దెబ్బ తగిలిందని అర్థం, దెబ్బ తగిలాకే ఆ కబురు వెళ్లి రంగు తయారవుతుంది.

మామగారికి ఎండ నుంచి కాపాడే ప్రత్యేక ఏర్పాట్లేవీ అక్కర్లేదు, తలకి టవలు చుట్టుకునే అలవాటు ఎలాగూ ఉండే ఉంటుంది, అక్కడ కూడా మానొద్దనండి. ఉత్త కాళ్లతో పెరట్లో తిరక్కుండా మాత్రం చూడండి, అది షుగరు కోసం. ఇంకొకటి, ఆయన వేసుకునే బీపీ మాత్ర పేరు చూడండి. చివర హెచ్ అని ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది. ఏళ్ల తరబడి అది వాడినవాళ్లలో ఎండ వల్ల వచ్చే చర్మ కేన్సర్లు కొంచెం ఎక్కువగా వస్తున్నాయని డెన్మార్క్‌లో తేలాక 2018లో యూరప్ హెచ్చరిక ఇచ్చింది, ఆస్ట్రేలియాలో కూడా డాక్టర్లకి తెలుసు. ఆ లెక్కలు తెల్లవాళ్లవి, మీరు సొంతంగా మాత్ర ఆపేస్తే బీపీ పెరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం అంతకంటే పెద్దది, కాబట్టి ఆపకండి. మడమ చూపించడానికి వెళ్లినప్పుడు ఆ మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్లి జీపీకి చూపించండి, రెండో కాలి అరికాలు, చేతుల గోళ్లు, కాలి వేళ్ల సందులు కూడా చూడమని అడగండి, సాక్సులు విప్పేది మాత్రం ఆయన చేతే విప్పించండి, లేకపోతే "చిన్న మచ్చేలే డాక్టర్" అని కుర్చీలోంచి లేచి వచ్చేస్తారు.